పద్నాలుగో ప్రశ్నకు జవాబు

సెయింట్ లూయిస్,
ఫిబ్రవరి 3

వెర్నా అత్తకు,

నీకు ఫోనంటే పడదు. రికార్డుకెక్కని మాట మాటే కాదంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

రిటైరయ్యేదాకా నువ్వు ఇక్కడ పనిచేసిన కోర్టులోనే ఒక జడ్జి స్థానం ఖాళీ అవుతోంది. నేను దరఖాస్తు పెడుతున్నాను. ఎంపిక సంఘం ముగ్గురి పేర్లు గవర్నరుకు పంపుతుంది, ఆయన ఒకరిని వేస్తాడు. ఆ ముగ్గురిలో నేనుండాలి అత్తా. నాకు యాభై రెండేళ్ళు వచ్చాయి. ఈసారి తప్పితే మళ్ళీ ఖాళీ ఎప్పుడొస్తుందో తెలియదు.

నన్ను బాగా ఎరిగినవాళ్ళ ఉత్తరాలు కొన్ని జతచేయాలి. నువ్వు ఆ కోర్టులో ముప్పై ఆరేళ్ళు టైపు చేశావు. అక్కడ నీ పేరు తెలియని జడ్జి లేడు. కోర్టులో నా సత్తా ఏమిటో ఒక పేజీ రాసిపెట్టు చాలు. నీకు శ్రమ లేకుండా, మా ఆఫీసు వెబ్‌సైటులో ఉన్న నా పరిచయం ప్రింటు తీసి పంపుతున్నాను. అందులోంచి ఎంత కావాలంటే అంత ఎత్తి రాసుకో. 2003లో నేను వాదించిన కేసు సంగతి ఎలాగూ నీకు తెలిసిందే, అది మాత్రం మర్చిపోకు.

మోకాళ్ళ నొప్పి తగ్గిందా? కారు నువ్వే నడుపుతున్నావా ఇంకా? మానెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను!

ప్రేమతో,
కర్టిస్


హెర్మన్,
ఫిబ్రవరి 11

ఒరేయ్ కర్టిస్,

టైపు చేసేది బ్యాంకులో గుమాస్తా. నేను కోర్టు స్టెనోని, రికార్డు రాశాను. నిమిషానికి రెండువందల ఇరవై అయిదు మాటలు, ఒక్కటి కూడా జారకుండా. ఉపకారం అడగడానికి వచ్చి మొదటి పేజీలోనే చెయ్యి కాల్చుకునే తెలివి మన వంశంలో నీకొక్కడికే అబ్బింది.

నీ పరిచయం చదివాను. చదివి మా పక్కింటి ఆవిడకు కూడా వినిపించాను, ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. "సంక్లిష్ట వాణిజ్య వివాదాల్లో ఇరవై ఆరేళ్ళుగా ఆరితేరిన కోర్టు యోధుడు." ఎవడ్రా రాసింది ఇది? "దేశంలోనే పెద్దదైన సిమెంటు కంపెనీకి అనుకూల పరిష్కారం సాధించారు." "ప్రముఖ ట్రాక్టర్ల సంస్థకు సంతృప్తికర పరిష్కారం సాధించారు." పేజీ నిండా పరిష్కారాలే. అంటే అన్నీ రాజీలేగా! చివర్లో "తీరిక వేళల్లో చేపలు పడతారు" అని ఉంది. ఆ చేపలు కూడా రాజీకే వచ్చాయా?

ఫొటోలో చేతులు కట్టుకుని ఆ చూపేమిటి? హోటల్లో బిల్లు ఎక్కువేశారని గొడవకు దిగినవాడిలా ఉన్నావు.

నా సర్వీసులో ముగ్గురు జడ్జిల దరఖాస్తులు నేను శుభ్రంగా కొట్టిపెట్టాను. సరే, అది టైపే. అందులో పద్నాలుగో ప్రశ్న నాకు కంఠతా వచ్చు: జ్యూరీ తీర్పు వచ్చేదాకా మీరు స్వయంగా నడిపిన కేసులెన్ని? ముందు దానికి జవాబు రాసి పంపు. మిగతా సంగతి తర్వాత చూద్దాం.

2003 గుర్తుచేశావు. లాయరు బంధువు ఆ కేసులో రికార్డు రాయకూడదని నన్ను నా కోర్టు గదిలోంచే లేపి, నా తోటి స్టెనో డెల్ఫీన్ సావర్‌ను కూర్చోబెట్టారు. వెనక బెంచీ మీద కూర్చుని చూడొచ్చు. కానీ నన్ను చూస్తే నువ్వు తడబడతావేమోనని లోపలికి రాలేదు. మూడు రోజులు సెలవు పెట్టి వరండాలో కూర్చున్నాను. రెండో రోజు నువ్వు బయటికొచ్చి "సాక్షిని చీల్చి చెండాడానత్తా" అన్నావు. ఆ శుక్రవారం చర్చి చేపల విందులో నేను చెప్పని మనిషి లేడు. నాలుగో రోజు పొద్దున రాజీ అయిందన్నావు. దాన్ని తీర్పు దాకా వెళ్ళిన కేసని రాయకు. తీర్పు రాలేదు.

మోకాళ్ళు బాగానే ఉన్నాయి. కారు కూడా.

నీ అత్త,
వెర్నా


సెయింట్ లూయిస్,
ఫిబ్రవరి 20

వెర్నా అత్తకు,

నీ కోపం ఎందుకో నాకు అర్థమైంది. నీ డెబ్బై అయిదో పుట్టినరోజుకు నేను రాలేదు. తప్పే. మా వీధి చివరి బేకరీనుంచి నీకిష్టమైన వెన్న కేకు పంపిస్తున్నాను, తిని మనసు మార్చుకో.

ఇక పద్నాలుగో ప్రశ్న. అత్తా, కాలం మారింది. మేం కేసు గెలిచామంటే దాన్ని కోర్టు గుమ్మం తొక్కనివ్వలేదని అర్థం. పదివేల పేజీల కాగితాలు చదివి, వాంగ్మూలాలు తీసి, అవతలివాడి గాలి తీసి, బల్లకు అటూ ఇటూ కూర్చుని తేల్చేస్తాం. పన్నెండుమంది దారిన పోయేవాళ్ళను పోగేసి, వాళ్ళ చేతిలో కంపెనీ భవిష్యత్తు పెట్టేది తెలివితక్కువ లాయరు. నువ్వు మైకు ముందు ఏం జరిగిందో రాశావు, దాని వెనక ఏం జరుగుతుందో నీకు తెలిసే అవకాశం లేదు.

ఇప్పుడే నా దగ్గర ఒక మొండిఘటం ఉన్నాడు. హోలిస్ వీగండ్ అని, ఓజార్క్ కొండల్లో ఓక్ చెక్కతో పీపాలు చేస్తాడు. ఒక విస్కీ కంపెనీ అతని పీపాలు కారుతున్నాయని మొత్తం వెనక్కి పంపి ఒప్పందం తెంచేసింది. మంచి రాజీ కుదిర్చాను. సంతకం పెట్టవయ్యా అంటే పెట్టడు. డబ్బు సంగతి కాదట. ఆ కాగితంలో "ఇరుపక్షాలూ ఈ విషయం ఎక్కడా మాట్లాడరాదు" అని ఒక లైనుంది. అలాంటి లైను ప్రతి రాజీలోనూ ఉంటుంది. "నా పీపాలు కారవు. ఆ మాట నేను బయట అనకూడదా? అయితే వద్దు" అంటాడు. ఇలాంటివాళ్ళకు లోకం ఎలా నడుస్తుందో ఎవరు చెప్తారు? ఎలాగో నచ్చజెప్పి సంతకం పెట్టిస్తాను.

దరఖాస్తు పంపేశాను. ఆలస్యమవుతుందని, నన్ను ఎరిగినవాళ్ళ జాబితాలో నీ పేరు రాసేశాను. వాళ్ళు నీకే నేరుగా రాస్తారు. నాలుగు మంచి మాటలు చెప్పు.

ప్రేమతో,
కర్టిస్


హెర్మన్,
మార్చి 2

ఒరేయ్ కర్టిస్,

నా పుట్టినరోజుకు నువ్వు రాలేదన్న సంగతి నువ్వు చెప్తేనే గుర్తొచ్చింది. వచ్చినవాళ్ళతోనే ఇల్లు ఇరుకైంది. నువ్వు పంపిన కేకు లంచం. దాన్ని పక్కింటి ఆవిడకు ఇచ్చేశాను. కాస్త ఎండిపోయిందంది.

నన్ను అడగకుండా నా పేరు రాసేశావు. పద్నాలుగో ప్రశ్న అడిగితే కాలం మారిందని పాఠం చెప్పావు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. రాజీ అయిన కేసు రికార్డు ఎవరూ అడగరు, కాబట్టి 2003 నాటిది ఎవరూ రాయించుకోలేదు. కానీ డెల్ఫీన్ పాత నోట్సు ఒక్కటి కూడా పారేయదు, గ్యారేజీ నిండా డబ్బాలే. మూడు రోజులవీ తిరగేసి, నువ్వు మాట్లాడిన చోటల్లా రాసి పంపమన్నాను. పంపింది. ఇదిగో, రెండో రోజు నువ్వు సాక్షిని చీల్చి చెండాడిన వైనం:

జడ్జి: మిస్టర్ డీక్‌మన్, సాక్షిని అడగండి.
(విరామం.)
జడ్జి: మిస్టర్ డీక్‌మన్?
మిస్టర్ డీక్‌మన్: అలాగేనండి. నేను...
(విరామం.)
మిస్టర్ రోర్క్: ఈ సాక్షిని నేను చూసుకుంటాను, యువరానర్.

అంతే. మూడు రోజుల రికార్డులో ఆ చోట తప్ప నీ గొంతు లేదు. డెల్ఫీన్ ఊరికే విరామం అని రాసే మనిషి కాదు. అర నిమిషం దాటితే తప్ప ఆ మాట వెయ్యదు. రెండుసార్లు వేసింది.

ఇరవై రెండేళ్ళు ఊరంతా నా నోటితో చెప్పించావు కదరా! అబద్ధం చెప్పడం నీకొచ్చిందని కాదు నా బాధ. ముప్పై ఆరేళ్ళు ఎవడు అబద్ధమాడుతున్నాడో గొంతు విని పట్టేశాను, సొంత మేనల్లుడు వరండాలో నా ఎదుట నిలబడి చెప్తే పట్టుకోలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

సంఘం వాళ్ళ ఉత్తరం నిన్న వచ్చింది. జవాబు రాస్తున్నాను.

వెర్నా


సెయింట్ లూయిస్,
మార్చి 9

అత్తా,

గ్యారేజీలు తవ్వించి మరీ నా మీద సాక్ష్యం పోగుచేశావా? శభాష్. మన కుటుంబంలో ఒక్కడు జడ్జి అవుతుంటే నువ్వు ఓర్వలేకపోయావు. ముప్పై ఆరేళ్ళు ఇంకొకళ్ళ మాటలు రాయడమే గానీ సొంతంగా ఒక్క మాట అనే అవకాశం నీకు రాలేదు, ఇప్పుడు వచ్చింది. వాడుకో.

పైది నిన్న రాశాను. చించేద్దామనుకున్నాను, కానీ నువ్వు రికార్డు కొట్టేయడం ఒప్పుకోవు. ఉండనీ.

ఆ రోజు ఏమైందో చెప్తాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న లిండాకు కూడా. నా దగ్గర నలభై ప్రశ్నలు రాసి ఉన్నాయి. అన్నీ కంఠతా వచ్చు. లేచాను. పన్నెండుమంది నన్నే చూస్తున్నారు. నాలుక పిడచకట్టుకుపోయింది. కాగితం మీద అక్షరాలున్నాయి గానీ ఏ భాషో తెలియలేదు. మా సీనియర్ రోర్క్ నా చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టాడు. బయటికొస్తే నువ్వు బెంచీ మీద శాండ్‌విచ్ పొట్లం పట్టుకుని కూర్చున్నావు. నీ మొహం చూసి ఆ మాట వచ్చేసింది.

ఆ తర్వాత నేను ఏ కేసులోనూ లేచి నిలబడలేదు అత్తా. అలా నిలబడే రోజు రాకుండా చూసుకోవడమే నా వృత్తి అయిపోయింది. మంచి రాజీకైనా సంతకం పెట్టించాను, చెడ్డదానికైనా పెట్టించాను. గెలిచే కేసులు కూడా ఉన్నాయి వాటిల్లో. క్లయింట్లు నాకు థాంక్స్ చెప్పి వెళ్ళారు. జడ్జినైతే మాట్లాడేది వేరేవాళ్ళు, నేను వినేవాణ్ణి, ఇక ఆ భయం ఉండదనుకున్నాను.

దరఖాస్తులో పద్నాలుగో ప్రశ్నకు "అనేకం" అని రాశాను. దయచేసి దాని జోలికి వెళ్ళకు. నిన్ను బతిమాలుకుంటున్నాను.

కర్టిస్


హెర్మన్,
మార్చి 15

కర్టిస్,

నీ ఉత్తరం రాకముందే సంఘానికి రాసి పోస్టు చేసేశాను. ఏం రాశానో నీకు చెప్పను. వాళ్ళు అడిగారు, వాళ్ళకు చెప్పాను.

"అనేకం" అట. సంఖ్య అడిగితే సంఖ్య రాయలేనివాడు నాకు బోనులో రోజూ కనిపించేవాడు. ఎన్ని బీర్లు తాగావయ్యా అంటే "కొన్ని" అనేవాడు.

నీ భయం సంగతి చదివాను. భయపడినందుకు నేను నిన్నేమీ అనను. భయపడి, ఆ భయం ఖర్చు ఎదుటివాళ్ళ నెత్తిన వేశావు. అది మాత్రం నాకు అసహ్యంగా ఉంది. ఆ పీపాల మనిషి ఏమడుగుతున్నాడో నీకు నిజంగా అర్థం కాలేదా? "నా పని మంచిదో కాదో పన్నెండుమంది చెప్పాలి" అంటున్నాడు. నువ్వు వాడికి లోకం ఎలా నడుస్తుందో నేర్పుతానంటున్నావు!

వెర్నా


సెయింట్ లూయిస్,
ఏప్రిల్ 29

అత్తా,

ఇంటర్వ్యూ నిన్న అయింది. జనం ముందే జరిగింది, కుర్చీలన్నీ నిండాయి. సంఘం అధ్యక్షురాలు నా ఫైలు తెరిచి, "మీ అత్తగారు మాకో ఉత్తరం రాశారు మిస్టర్ డీక్‌మన్" అంది. ఆమె ఇంకో మాట అనకముందే "సున్నా అండి" అన్నాను.

"ఏమిటి సున్నా?" అంది.

"పద్నాలుగో ప్రశ్న. అనేకం అని రాశాను. నిజానికి సున్నా. ఒక్క కేసూ తీర్పు దాకా నడపలేదు. ఒకసారి లేచి నిలబడ్డాను, నోరు పెగల్లేదు."

హాల్లో ఎవరో పక్కున నవ్వారు. ఆమె కళ్ళజోడు సర్దుకుని, నీ ఉత్తరం పైకి చదివింది. "కర్టిస్‌కు కారు సరిగ్గా ఆపడం రాదు. చేపలు పడతానంటాడు గానీ నేనెప్పుడూ తినలేదు. పరాయి సొమ్ము పైసా ముట్టడు. మిగతావి వాణ్ణే అడగండి, సూటిగా అడిగితే నిజమే చెప్తాడు." అంతే ఉంది!

అంత మాత్రం రాసినదానివి, ఆ ముక్క నాకు రాస్తే ఏం పోయేది? నెలన్నర నిద్ర లేకుండా చేశావు. జనం ముందు నా పరువు నేనే తీసుకున్నాను. ముగ్గురిలో నా పేరు లేదు. ఇంకో సంగతి విను: దరఖాస్తు పెట్టిన తొమ్మిదిమందిలో అయిదుగురికి సున్నాయేనట. వాళ్ళెవరూ అలా చెప్పలేదు, పెద్ద పెద్ద మాటల్లో చెప్పారు. అందులో ఒకడి పేరు గవర్నరు దగ్గరికి వెళ్ళింది.

హోలిస్ సంతకం పెట్టలేదు. జూన్ 9న విచారణ. కోర్టులో వాదించడం నాకు రాదని అతనికి చెప్పేశాను, ఆఫీసులో ఇంకొకళ్ళకు ఇస్తానన్నాను. "నువ్వు రెండేళ్ళుగా నా దుకాణంలో చెక్కపొట్టు పీల్చావు. పీపా ఎండితే కుంచించుకుపోతుందని, నీళ్ళు పోస్తే మళ్ళీ బిగుస్తుందని నీకు తెలుసు. వాళ్ళకు తెలియదు. నువ్వే రావాలి" అన్నాడు. నోరు పెగలకపోతే ఏం చేస్తావని అడిగితే, "పెగిలేదాకా కూర్చుంటాను" అన్నాడు.

నువ్వు మాత్రం రావద్దు.

కర్టిస్


హెర్మన్,
మే 6

కర్టిస్,

ఎవరొస్తారు? నాకు టమాటా మొక్కలు నాటుకునే పని ఉంది.

ప్రశ్నలు నలభై రాసుకోకు, పది చాలు. ఒక్కో ప్రశ్నలో ఒక్క సంగతే అడుగు. జడ్జి మాట్లాడేటప్పుడు అడ్డు రాకు, స్టెనో ఒకేసారి ఇద్దరిని రాయలేదు, మనసులో తిట్టుకుంటుంది. నీళ్ళు తాగు.

సున్నా అని చెప్పినందుకు మెచ్చుకోవాలా? ఇరవై రెండేళ్ళు ఆలస్యం. అది కూడా నేనేదో రాశానని భయపడి చెప్పావు.

వెర్నా


సెయింట్ లూయిస్,
జూన్ 13

అత్తా,

ఓడిపోయాను. నిన్న మధ్యాహ్నం తీర్పు వచ్చింది. తొమ్మిదిమంది కంపెనీ వైపు, ముగ్గురు మా వైపు. తొమ్మిది చాలు వాళ్ళకు.

జ్యూరీకి పీపా అంటే ఏమిటో తెలిస్తే కదా! ఒకావిడ అల్లిక చూసుకుంటూ కూర్చుంది. ఇంకొకడు రెండు రోజులు కునుకు తీశాడు. అవతలి లాయరు తెర మీద రంగురంగుల బొమ్మలు వేశాడు, వాటికి పడిపోయారు. ఇలాంటివాళ్ళ ముందు ఎవడు నిలబడినా అంతే.

హోలిస్ బోనులో రెండు గంటలు మాట్లాడాడు. చెక్క ఎలా ఎంచుకుంటాడో, ఎన్నాళ్ళు ఆరబెడతాడో, మంట మీద ఎలా వంచుతాడో చెప్పాడు. బయటికొచ్చాక "ముప్పై ఏళ్ళలో నా పని గురించి ఇంతసేపు ఎవరూ వినలేదు" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ ఒప్పందం పోయింది, ఇప్పుడు పీపాలు కారతాయన్న పేరు కూడా మిగిలింది. రాజీ పడి ఉంటే ఆ పేరైనా రాకపోయేది. నేనే ముంచానేమో తెలియడం లేదు.

నీకు తెలియాలి కాబట్టి రాశాను.

కర్టిస్


హెర్మన్,
జూన్ 17

ఒరేయ్ కర్టిస్,

అల్లుకున్న ఆవిడ నీ వైపే ఓటేసింది. లిఫ్టులో డెల్ఫీన్‌తో చెప్పింది. మనుషులను చూసే తెలివి నీకు ఇంకా రాలేదు.

అవును, వచ్చాను. రైలెక్కి వచ్చి, డెల్ఫీన్ ఇంట్లో దిగి, నాలుగు రోజులూ వెనక వరుసలో స్తంభం పక్కన కూర్చున్నాను. నువ్వు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు, మంచిదే అయింది.

మొదటి రోజు లేవగానే గొంతు పోయింది. జడ్జి రెండుసార్లు నీ పేరు పిలిచాడు. నా గోళ్ళు డెల్ఫీన్ చేతిలో దిగాయి, ఇంకా మచ్చ ఉంది. అప్పుడు నీళ్ళు తాగి మొదలుపెట్టావు. మొదటి గంట వాగినట్టే వాగావు. "అంటే" అన్నమాట అరవై ఒక్కసార్లు అన్నావు, లెక్కపెట్టాను. కోటు గుండీ తప్పు పెట్టుకున్నావు.

ఇక అసలు సంగతి. జ్యూరీని తిట్టకు. రెండో రోజు వాళ్ళ గోదాము మేనేజరును అడిగావు: "ఆ పీపాలు ఎన్ని వారాలు ఖాళీగా ఎండలో పెట్టారు, నింపేముందు నీళ్ళు పోసి నానబెట్టారా?" అవతలివాడు లేచి, రెండు ప్రశ్నలు కలిపారన్నాడు. జడ్జి నిజమేనన్నాడు. విడదీసి మళ్ళీ అడిగితే సరిపోయేది. నువ్వు ఉలిక్కిపడి కాగితం తిప్పేశావు. ఆ మేనేజరు మొహం నేను చూశాను. అడిగి ఉంటే వాడు పోయలేదనే చెప్పేవాడు. నీ కేసు అక్కడ పోయింది. బొమ్మలవల్ల కాదు, కునుకు తీసినవాడివల్ల కాదు. నీవల్ల.

నువ్వు మంచి లాయరువి కాదు. ఇప్పటినుంచి చేస్తే పదేళ్ళకు ఒక మాదిరి లాయరువి అవుతావేమో. నీకంటే నయంగా మాట్లాడేవాళ్ళను వందలమందిని రాశాను. కానీ అంత భయం పెట్టుకుని నాలుగు రోజులు నిలబడ్డవాణ్ణి ఒక్కణ్ణి కూడా చూడలేదు. తీర్పు చదువుతుంటే వెనకనుంచి నిన్నే చూస్తున్నాను. కూర్చోలేదు నువ్వు. తొమ్మిదిమందినీ, ముగ్గురినీ వరసగా చూశావు, తర్వాత హోలిస్ భుజం మీద చెయ్యి వేశావు. నేను ఏడ్చాను. ఎవరికైనా చెప్పావో, కాదంటాను.

ఆదివారం భోజనానికి రా. పంది మాంసం ముక్కలు కాలుస్తాను, బంగాళాదుంప సలాడ్ పక్కింటి ఆవిడ చేస్తుంది. హోలిస్‌ను కూడా తీసుకురా. కానీ ముందు ఆ నీళ్ళ ప్రశ్న సంగతి అతనికి నీ నోటితో చెప్పు. దారిలో కారులో కాదు, అతని దుకాణానికి వెళ్ళి, ఎదురుగా నిలబడి చెప్పు. చెప్పాక కూడా అతను నీ కారెక్కితే ఇద్దరూ రండి. ఎక్కకపోతే ఒక్కడివే రా, నీకు అన్నం పెడతాను.

నీ అత్త,
వెర్నా